పిడికెడు తక్కువ

18 జనవరి 1988

పురుగుమందుల కొట్టువాళ్ళు నాన్నకు ఊరికే ఇచ్చిన డైరీ ఇది. ప్రతి పేజీ అడుగునా పత్తికి పట్టే ఏ పురుగుకు ఏ మందు కొట్టాలో అచ్చువేసి ఉంది. కోపానికి కూడా ఏమైనా రాశారేమోనని చివరిదాకా తిరగేశాను. లేదు.

ఫైనలియర్ ప్రాజెక్టు జట్ల పేర్లు ఇవాళ నోటీసు బోర్డులో పెట్టారు. నాకిది రెండోసారి. నిరుడు మా జట్టు మధ్యలోనే విడిపోయింది. ప్రింటు తీసిన కాగితాలన్నీ కిటికీలోంచి విసిరింది నేనే కావచ్చు గాని, ఆ కిటికీ తెరిచిపెట్టింది మాత్రం వాళ్ళు. మిగతా ముగ్గురినీ వేరే జట్లవాళ్ళు చేర్చుకుని గట్టెక్కించారు. నన్ను చేర్చుకోవడానికి ఎవరి జట్టులోనూ ఖాళీ లేకపోయింది.

మా గైడు పేరయ్యగారు నన్నొక్కణ్ణే గదిలోకి పిలిచారు. ఆయన గట్టిగా మాట్లాడే మనిషి కాదు.

"ప్రోగ్రాం కుంటుకుంటూ నడిచినా మార్కులేస్తాను బాపయ్యా. జట్టు విరిగితే మాత్రం వెయ్యను. వైవా రోజున నలుగురూ కలిసి నా ముందు నిలబడాలి. ముగ్గురే వస్తే ఈ ఏడు కూడా నీకు డిగ్రీ లేదు."

నాకే ఎందుకు లేదని అడగబోయి ఆగాను. ఆగడం ఇవాళే మొదలుపెట్టాను. ఇకనుంచి కోపం వస్తే ఇందులో రాస్తాను, బయట నవ్వుతాను.

ముగ్గురూ నాకంటే ఏడాది చిన్నవాళ్ళు. మార్కుది కొత్తపట్నం. సముద్రం ఒడ్డున పెరిగాడు కాబట్టి పక్క మంచం మీద ఉన్నవాణ్ణి కూడా పడవలో ఉన్నట్టే పిలుస్తాడు. సుభానీది పర్చూరు. మాట్లాడడు. కంప్యూటరు ముందు కూర్చుంటే మాత్రం వేళ్ళు ఆగవు. సంతోషకుమారి ఈ ఊరి మిషన్ స్కూలు హెడ్మాస్టరుగారి అమ్మాయి, రోజూ ఇంటినుంచే వస్తుంది. నన్ను "బాపయ్యగారూ" అంటుంది. అందులో మర్యాద ఎంతో, ఎగతాళి ఎంతో ఇంకా తేలలేదు.

నాయకుణ్ణి నేనే. ఎవరూ అనలేదు, వయసును బట్టి తెలిసిపోతుంది.

21 జనవరి

ఏ ప్రోగ్రాం రాయాలో తేల్చుకోవడానికి కూర్చున్నాం. మిర్చి కోతకు రాకముందే దాని ధర చెప్పే ప్రోగ్రాం రాద్దామన్నాను. ప్రత్తిపాడు నుంచి గుంటూరు దాకా రైతులంతా మన పేరు చెప్పుకుంటారన్నాను. సంతోషకుమారి ఆ సంగతి కంప్యూటరుకు ఎవరు చెబుతారండీ అని అడిగింది. అవన్నీ తర్వాత చూసుకోవచ్చన్నాను. ఆమె కాగితం మీద "మిర్చి" అని రాసి, వెంటనే కొట్టేసింది.

మార్కు మెస్సు సంగతి ఎత్తాడు. మా హాస్టల్లో అన్నం ఎప్పుడూ సరిగ్గా సరిపోదు. గోంగూర పచ్చడి చేసిన రోజున చివరి బంతి వాళ్ళు అరటిపండు తిని పడుకుంటారు. కాకరకాయ వండిన రోజున పందులకు పండగ. ఎంతమంది తింటారు, ఏం వారం, ఏం కూర అని చెబితే, ఎన్ని డబ్బాల బియ్యం పొయ్యి మీద పెట్టాలో కంప్యూటరే చెప్పాలి. అదీ వాడి ఊహ.

దేశంలో ఇన్ని సమస్యలుండగా అన్నం గుండిగకా కంప్యూటరు అని నవ్వాను. లోపలే నవ్వాను. ముగ్గురూ మెస్సు వైపే ఉన్నారు. నాయకుడిగా ఆమోదించాను.

27 జనవరి

పనులు పంచుకున్నాం. మెస్సులో వంటమనిషి ఎలీసమ్మ ఏ పూట ఎన్ని డబ్బాల బియ్యం పోస్తుందో మార్కు వంటింట్లో నిలబడి రాసుకోవాలి. ఎంతమంది తిన్నారో సుభానీ గుమ్మం దగ్గర చూసుకోవాలి. ఒక డబ్బా బియ్యానికి ఎన్ని పళ్ళేల అన్నం అవుతుందో కూడా వాడే తేల్చాలి. అందుకు మెస్సు డబ్బా లాంటిదే ఇంకొకటి సంచిలో పెట్టుకుని, వాళ్ళమ్మ చేత వండించి చూస్తానని పర్చూరు వెళ్ళాడు. లెక్క ఎలా కట్టాలో ఆలోచించడం సంతోషకుమారి పని. కీబోర్డు మీద కొట్టడం మళ్ళీ సుభానీయే.

మొత్తం పర్యవేక్షణ నాది. ఫ్లాపీల డబ్బా మోసేది కూడా నేనే, నమ్మకమైన మనిషి కావాలి కదా.

కాలేజీకంతటికీ ఉన్నది ఒకటే కంప్యూటరు. దానికి ఏసీ గది. చెప్పులు బయట విడిచి లోపలికి వెళ్ళాలి. కంప్యూటరుకు దుమ్ము పడదట. ఇవాళ బయటికొచ్చేసరికి నా కొత్త చెప్పులు లేవు, ఎవరివో పాతవి ఉన్నాయి. అవే వేసుకొచ్చాను. ఎవరినీ ఏమీ అనలేదు.

3 ఫిబ్రవరి

కరెంటు లేదు. పొద్దుటినుంచీ మా ప్రగతి ఇదే.

10 ఫిబ్రవరి

ప్రోగ్రాం మొదటిసారి నడిచింది. నూట ఎనభై మంది, బుధవారం, దోసకాయ పప్పు అని కొట్టాం. గిరగిరా ఏదో ఆలోచించి "మైనస్ పన్నెండు డబ్బాలు" అంది.

అంటే మనమే ఎలీసమ్మకు పన్నెండు డబ్బాలు ఎదురివ్వాలి కాబోలన్నాడు మార్కు. సుభానీ నవ్వడం నేను మొదటిసారి చూశాను. సంతోషకుమారి బల్ల మీద తల పెట్టుకుని నవ్వింది. నేనూ నవ్వాను, ఈసారి బయటికే. నిరుడు ఇలాంటిదే జరిగినప్పుడే కిటికీ దాకా వెళ్ళింది వ్యవహారం.

14 ఫిబ్రవరి

మైనస్ పోయింది. ఇప్పుడు మనుషులు తినగలిగినంతే చెబుతోంది. ఆ సంతోషంలో మగాళ్ళం ముగ్గురం సైకిళ్ళేసుకుని వాడరేవు వెళ్ళాం. మార్కు అక్కడ చేపలు ఎండేసుకుంటున్న ఆడవాళ్ళతో చుట్టరికాలు కలిపి, వేయించిన చేపలు ఊరికే తెచ్చాడు. జట్టు అంటే ఇలా ఉండాలి. నా నాయకత్వంలో ఏదో ఉంది.

19 ఫిబ్రవరి

ఈ సోమవారం నుంచి మెస్సులో మా ప్రోగ్రాం చెప్పినన్ని డబ్బాలే వండుతున్నారు. వార్డెన్ క్రీస్తుదాసుగారు ఒప్పుకున్నారు. సంగతేమిటంటే, రోజూ చాలడం లేదు. ప్రతి పూటా చివర్లో పదిమందికి పైగా ఖాళీ పళ్ళేలు పట్టుకుని నన్నే చూస్తున్నారు. నా వెనకాల నన్ను "మైనస్ బాపయ్య" అంటున్నారట. అన్నవాడెవడో తెలిసింది. ఏమీ అనలేదు.

22 ఫిబ్రవరి

సంతోషకుమారి కట్టిన లెక్కంతా మొదటినుంచీ చూశాను. తప్పు కనపడలేదు. అంటే సగం నాకు అర్థం కాలేదు, అర్థమైన సగంలో తప్పు లేదు. మార్కు రాసుకొచ్చిన డబ్బాల సంఖ్య సరిగ్గానే ఉంది, ఎలీసమ్మను అడిగి చూశాను. మిగిలింది సుభానీ తెచ్చిన లెక్క. డబ్బాకు ఇన్ని పళ్ళేలని వాడు పర్చూరునుంచి పట్టుకొచ్చిన సంఖ్య.

వాణ్ణి నేను కోప్పడలేదు. మామూలుగా అడిగాను. మీ ఇంట్లో పళ్ళేలు చిన్నవేమోరా అన్నాను. అంతే. ఆ కాగితం బల్ల మీద కొంచెం గట్టిగా పెట్టాను. పక్కనున్న సిరాసీసా దానంతటదే పడింది.

23 ఫిబ్రవరి

సుభానీ రాలేదు. కడుపునొప్పి అయి ఉంటుంది.

24 ఫిబ్రవరి

రాలేదు. ఈ రోజుల్లో కడుపునొప్పులు రెండేసి రోజులుంటున్నాయి.

26 ఫిబ్రవరి

రాలేదు. పెట్టె కూడా తీసుకెళ్ళాడట. మార్కు నాతో మాట్లాడడం మానేశాడు. వాడు మానేస్తే వసారా అంతటికీ తెలుస్తుంది, అంత నిశ్శబ్దంగా ఉంది. సంతోషకుమారి ఇవాళ ఒకే మాట అడిగింది.

"పళ్ళేలు చిన్నవంటే ఏమిటండీ అర్థం? వాళ్ళింట్లో కడుపునిండా పెట్టరనా?"

నేనలా అనుకోలేదు. నిజంగా అనుకోలేదు. నా నోటినుంచి వచ్చాక అది అలాగే వినిపించిందని ఇప్పుడు తెలుస్తోంది. కడుపునొప్పి నాకే వచ్చింది.

28 ఫిబ్రవరి, ఆదివారం

మెస్సులో కోడికూర. వదులుకుని పర్చూరు బస్సెక్కాను. ఫ్లాపీ ఒకటి వాడి దగ్గర ఉండిపోయింది, దానికోసం వెళ్ళాను.

దారంతా కల్లాల్లో మిరపకాయలు ఆరబోసి ఉన్నాయి. బస్సులో సగంమంది తుమ్ముతున్నారు, సగంమంది అలవాటుపడ్డారు. సుభానీ వాళ్ళ వాకిట్లోనూ పెద్ద కుప్ప. వాళ్ళమ్మ జానీబీ ముందు కూర్చుని తొడిమలు తీస్తోంది. కొడుకు పొలం వెళ్ళాడంది. చూస్తూ కూర్చోడమెందుకు, ఓ చెయ్యి వెయ్యమంది. వేశాను. మాది మిరప పండించే ఇల్లే అయినా, ఇంట్లో నన్నెవరూ తొడిమల దగ్గర కూర్చోబెట్టలేదు. అది ఆమెకు రెండు నిమిషాల్లో తెలిసిపోయింది.

కాసేపటికి చెమట పట్టింది. ఆ చేతులతోనే కళ్ళు తుడుచుకున్నాను. ఇక చెప్పేదేముంది. సరిగ్గా సుభానీ గుమ్మంలోకి వచ్చేసరికి నేను ధారలు కారుస్తూ, ముక్కు ఎగబీలుస్తూ కూర్చుని ఉన్నాను.

"ఏడవమాక నాయనా, వస్తాడులే. ఎంత మాటన్నా అన్నలాంటోడివి" అంది జానీబీ.

సుభానీ నన్ను అలా చూస్తూ నిలబడిపోయాడు. వాడి మొహం మెత్తబడింది. మిరపకాయలని చెప్పబోయాను, తుమ్మొచ్చింది. వాడే చెంబుతో నీళ్ళు పోసి మొహం కడిగించాడు. మళ్ళీ రాస్తున్నాను, అది మిరపకాయల వల్లే.

ఆ తర్వాత జానీబీ అన్నం పెట్టింది. ఆ పళ్ళెం మా మెస్సు పళ్ళెం కంటే వెడల్పు. మొదటిసారి పెట్టింది తినేసరికే బెల్టు వదులు చేసుకున్నాను. ఆమె రెండోసారి అడక్కుండానే పెట్టింది. అప్పుడు నేనే అన్నాను, తప్పు నాదేరా, మీ పళ్ళేలు చిన్నవి కావు అని. సుభానీ లోపలికి వెళ్ళి మెస్సు డబ్బా లాంటి ఆ డబ్బా తెచ్చి, అంచు దాకా బియ్యం పోసి వాళ్ళమ్మకిచ్చాడు. ఆమె మళ్ళీ వండింది. వాళ్ళ పళ్ళేలు వెడల్పు కాబట్టి, మెస్సు పళ్ళెంలో ఎంత పడుతుందో సైగ చేసి చూపిస్తూ ముంతతో కొలిచాం. వాడు మొదట చెప్పిన సంఖ్యే వచ్చింది.

అంటే సుభానీ లెక్క సరైనదే. మరి మా గుండిగలో అన్నం ఎటు పోతోంది?

వాడు నాతోపాటే బస్సెక్కాడు. ఫ్లాపీ సంగతి ఇద్దరం మర్చిపోయాం.

2 మార్చి

దొరికింది. మింగలేను, కక్కలేను.

పొద్దున్నే నలుగురం వంటింట్లో నిలబడ్డాం. ఎలీసమ్మ బస్తాలోంచి డబ్బా నిండా బియ్యం ముంచింది. ఒక పిడికెడు తీసి గోడవార ఉన్న మట్టికుండలో వేసింది. మిగతాది చేటలో పోసింది. మార్కు "ఒకటి" అని రాసుకున్నాడు. రెండో డబ్బా ముంచింది. పిడికెడు కుండలో వేసింది. మార్కు "రెండు" అన్నాడు.

అదేమిటని అడిగాను. ఏది అన్నా అని మార్కు నన్నే అడిగాడు. ఆ కుండలోకి పోయేదిరా అన్నాను.

"అదా? అది పిడికెడు బియ్యం కదన్నా. చర్చిది." సూర్యుడు తూర్పున వస్తాడన్నట్టు చెప్పాడు.

వాళ్ళిళ్ళలో పొయ్యి మీద ఎసరు పెట్టేముందు ఆడవాళ్ళు కొలిచిన బియ్యంలోంచి పిడికెడు తీసి దేవుడి కుండలో వేస్తారట. ఆదివారం చర్చిలో ఇస్తారట. పుట్టినప్పటినుంచీ చూస్తున్నాడు. మరి ఎందుకు రాసుకోలేదురా అంటే, అది మనది కాదు కదన్నా, మనది కానిదాన్ని ఎలా లెక్కేస్తామని నన్నే ఎదురడిగాడు. సంతోషకుమారి వైపు చూశాను. ఆమె అరచేత్తో నోరు మూసుకుంది. కిందటి వారం వంటింట్లోకి వచ్చి చూసినప్పుడు ఆమెకూ కనపడిందట. కనపడినట్టే తెలియలేదట.

ఎలీసమ్మ పిడికిలి మామూలు పిడికిలి కాదు. పూటకు అన్ని డబ్బాలు, డబ్బాకో పిడికెడు. ఆ చివర నిలబడేవాళ్ళ అన్నమంతా ఆ కుండలో ఉంది.

3 మార్చి

గోరుచుట్టు మీద రోకటి పోటు.

సుభానీ ఎప్పుడూ మాట్లాడనివాడు ఇవాళ మాట్లాడాడు. "మా అమ్మ లెక్క తప్పన్నారు. కాదని తేలింది. ఎక్కడ తప్పిందో రిపోర్టులో రాయాల్సిందే అన్నా. రాయకపోతే నా పేరు తీసెయ్యండి."

మార్కు లేచి నిలబడ్డాడు. "రాస్తే వార్డెన్ ఎలీసమ్మను పన్లోంచి తీసేస్తాడు. రాస్తే వైవాకు నేను రాను."

మార్కు భయంలో అబద్ధం లేదు. క్రీస్తుదాసుగారు చర్చిలో పెద్ద. తనవాళ్ళని వెనకేసుకొచ్చారన్న మాట పడతారేమోనని అందరికంటే గట్టిగా ఉంటారు. గోంగూర కట్ట ఇంటికి పట్టుకెళ్ళిందని కూరలు తరిగే ఆమెను సంక్రాంతికి ముందే పంపించేశారు.

ఇద్దరిదీ న్యాయమేనంది సంతోషకుమారి. ఇద్దరిదీ న్యాయమైతే నాకు మిగిలేది ముగ్గురే. పేరయ్యగారి ముందు ముగ్గురు. నాలుక పళ్ళ మధ్య పెట్టుకుని కూర్చున్నాను.

5 మార్చి

నాకో మంచి ఉపాయం తట్టింది. ఎలీసమ్మను ఒంటరిగా కలిసి, వైవా అయ్యేదాకా ఆ పిడికెడు ఆపెయ్యమని చెబితే అన్నం సరిపోతుంది. అప్పుడు రాయడానికీ ఏమీ ఉండదు, ఉద్యోగమూ పోదు. మధ్యాహ్నం వంటింట్లో ఎవరూ లేనప్పుడు వెళ్ళి చెప్పాను.

చెయ్యి దానంతటదే పోద్దయ్యా, నేనాపేదేంది అని నవ్వింది. ఇది హాస్టలు బియ్యం కదమ్మా అన్నాను, వీలైనంత మెల్లగా.

"అవును, మీ బియ్యమే. అందుకే నా పేరున ఎయ్యను. మీ పేరునే ఏస్తన్నా. హాస్టలు పిల్లలు అని చెప్పి ఇస్తా. పరీక్షలప్పుడు చర్చి అయ్యగారి చేత మీ అందరికీ ప్రార్థన చేపిస్తా."

నిరుడు కూడా చేయించావా అన్నాను. చేయించానంది. నా పేరు విడిగా కూడా చెప్పిందట. నేను తప్పాను కదమ్మా అన్నాను.

"నువ్వు పాసవ్వాలని కాదయ్యా చేపిచ్చింది. నీ నోరు సల్లబడాలని."

 

అప్పుడు అసలు సంగతి చెప్పాను, ఆ పిడికెళ్ళ వల్లే చివర్లో కొందరికి చాలడం లేదని. ఆమె చేతిలో గరిటె కింద పెట్టేసింది. ఇన్నేళ్ళూ ఆమె కంటి అంచనాతో ఒకటో రెండో డబ్బాలు ఎక్కువే పోసేదట. మా మిషను వచ్చాక, అది చెప్పినన్నే పోస్తోంది. తన కుండ వల్ల పిల్లలు తక్కువ తిన్నారన్న సంగతి ఆమెకు ఇప్పుడే తెలిసింది. ఆకలితో లేచారా, ఎవరెవరు లేచారని నన్ను పేర్లడిగింది. ఆ కుండ తీసుకెళ్ళి బియ్యమంతా బస్తాలో ఒంపేసింది. రేపటినుంచి వెయ్యనులే అయ్యా అని కుండ బోర్లించింది.

నాకు కావలసింది అదే. పని జరిగింది. నాకు ఏడుపొచ్చింది. అక్కడ మిరపకాయలు లేవు.

6 మార్చి, ఆదివారం

అరిచాను. జనవరి తర్వాత మొదటిసారి. దాచడమెందుకు, హాయిగా ఉంది.

కుండ బోర్లించిన సంగతి చెప్పగానే మార్కు, సుభానీ మళ్ళీ పట్టుకున్నారు. బియ్యం దేవుడిదని ఒకడు, బియ్యం హాస్టలుదని ఒకడు. సుభానీ కూడా కుండ బోర్లించాలని కోరుకోలేదు, వాడి బాధ వాడిది. అయినా ఇద్దరూ ఆగరు. విని విని నా లోపల ఏదో తెగింది.

"హాస్టలెవర్రా? నెలనెలా మెస్సు బిల్లు కడుతోంది మనం! కొన్నది మనం, తినేది మనం. ఇవ్వాలో వద్దో మనల్ని అడిగితే పోలా?"

అరిచాక అందరూ నావైపే చూశారు. కిటికీ మూసే ఉంది. సంతోషకుమారి పెన్ను మూత తీసింది. ప్రతి మనిషి పేరు పక్కన పిడికెడుకు అవునో కాదో ఒక గడి పెడితే చాలు, బాపయ్యగారూ, కుండలోకి పోయేది కూడా ప్రోగ్రామే కలుపుకుని చెబుతుందంది. ఆ గడి నేను రాస్తానన్నాడు సుభానీ. ఇవాళ ఆమె "గారూ" అన్నది నాకు బాగానే వినిపించింది.

మధ్యాహ్నం భోజనాల దగ్గర బెంచీ ఎక్కాను. ఇన్నేళ్ళుగా మన పేరున రోజూ ఎవరో దానం చేస్తున్నారు, మనల్ని అడగలేదు, ఇప్పుడు నేనడుగుతున్నానని చెప్పాను. ఇష్టం లేనివాళ్ళు చెప్పొచ్చు, ఎందుకని ఎవరూ అడగరన్నాను. చేతులు చాలానే లేచాయి. పొన్నూరు అబ్బాయి ఒకడు మా ఇంట్లో ఒప్పుకోరన్నాడు. ఇంకొకడు ఉన్నదే నాకు చాలడం లేదు, నేనెక్కడినుంచి ఇవ్వనన్నాడు. వాళ్ళిద్దరికీ "కాదు" రాసుకున్నాం. నన్ను మైనస్ బాపయ్య అన్నవాడే రెండు చేతులూ ఎత్తాడు.

9 మార్చి

కొత్త కాగితం వచ్చింది. మొదటి వరసలో పొయ్యి మీదకు ఎన్ని డబ్బాలు, రెండో వరసలో కుండలోకి ఎన్ని పిడికెళ్ళు. ఆ కాగితం మాకంటే ముందు వార్డెనుగారి బల్ల మీదకు చేరింది. ఎవరి పనో తెలియదు, కందకు లేని దురద కత్తిపీటకెందుకో. నలుగురినీ రమ్మని కబురొచ్చింది. ఎలీసమ్మ అప్పటికే అక్కడ నిలబడి ఉంది.

ఎవరినడిగి తీశావని ఆయన ఆమెను అడిగారు. ఎవరినీ అడగలేదంది, తల వంచలేదు. దేవుడికిచ్చేది మనదై ఉండాలని నీకు తెలియదా అన్నారు. మార్కు అడుగు ముందుకేశాడు. నేను వాడి చొక్కా పట్టుకుని వెనక్కి లాగాను. నేను ఇంకొకణ్ణి లాగడం ఇదే మొదటిసారి, ఇదివరకు అందరూ నన్నే లాగేవాళ్ళు.

అవునో కాదో అన్న పేర్ల కాగితం నేనే ఆయన ముందు పెట్టాను. ఆమె అడగలేదు, మేం అడిగాం సార్ అన్నాను. ఆయన ఆ కాగితం చాలాసేపు చదివారు. "కాదు" అన్న పేర్ల దగ్గర ఆగి, వీళ్ళ అన్నంలోంచి తియ్యరు కదా అన్నారు. తియ్యం సార్ అని సుభానీ చెప్పాడు. అక్కడే ప్రోగ్రాం ఎలా చూసుకుంటుందో కూడా చెప్పాడు. వాడు వరసగా అన్ని మాటలు చెప్పడం నేను వినడం ఇదే మొదలు.

"ఇంకోసారి అడక్కుండా చెయ్యకు" అన్నారు ఎలీసమ్మతో. ఆమె వెళ్ళబోతుంటే కాగితం మళ్ళీ తీసుకుని, అడుగున తన పేరు రాసి పక్కన అవును అని పెట్టారు. ఆయన కూడా మెస్సులోనే తింటారు, మేం మర్చిపోయాం.

13 మార్చి

మార్కు, సుభానీ కలిసి రిపోర్టు రాశారు. "ఒక డబ్బాకు అయ్యే అన్నం పర్చూరు వాస్తవ్యురాలు జానీబీ గారు వండి చూపిన ప్రకారం" అని మొదటి పేజీలోనే ఉంది. ఆ వాక్యం మార్కు రాసిందట.

25 మార్చి

రేపే వైవా. ముగ్గురూ ధైర్యంగా ఉన్నారు. వాళ్ళను చూస్తే ముచ్చటేస్తోంది. ఈ ముగ్గురినీ రేపు పేరయ్యగారి ముందు నిలబెట్టగలిగితే చాలు.

26 మార్చి

నిలబడ్డాం. నలుగురం.

బయటినుంచి వచ్చిన ఎగ్జామినరుగారు కళ్ళజోడు పైనుంచి చూసే రకం. రిపోర్టు అటూ ఇటూ తిప్పి, పిడికెడు అంటే ఎన్ని గ్రాములని అడిగారు. అది ఎలీసమ్మ పిడికిలి సార్, వేరే ప్రమాణం లేదన్నాడు మార్కు. ఆయన నవ్వలేదు. కాగితం మీద ఏదైనా చెప్పొచ్చు, నిజంగా సరిపోతుందా అన్నారు. పేరయ్యగారు గడియారం చూసుకుని, మెస్సులో ఎసరు పెట్టే వేళే కదా, వెళ్ళి చూద్దామన్నారు.

సుభానీ అప్పటికప్పుడు లెక్క కొట్టాడు. శనివారం, వంకాయ కూర, పప్పుచారు. హాస్టలు వాళ్ళు, వార్డెనుగారు, పేరయ్యగారు, ఎగ్జామినరుగారు, సంతోషకుమారి. కాగితం ఎలీసమ్మకు అందింది. ఆమె రెండు వరసలూ చదివించుకుని, కుండలో వేయాల్సింది వేసి, పొయ్యి వెలిగించింది.

నేను గుండిగ పక్కనే నిలబడ్డాను. ఎవరికి ఎంత వడ్డిస్తున్నారో చూడాలి కదా. మొదటి బంతి లేచింది. రెండో బంతి లేచింది. మారు అడిగినవాళ్ళకల్లా పెట్టారు, ఎగ్జామినరుగారు రెండుసార్లు పెట్టించుకున్నారు. మూడో బంతిలో మార్కు, సుభానీ తిన్నారు. సంతోషకుమారి వంటింటి గుమ్మంలో కూర్చుని తింది. ఖాళీ పళ్ళెంతో ఎవరూ నిలబడలేదు.

అందరూ లేచాక ఎగ్జామినరుగారు చెయ్యి కడుక్కుని వచ్చి గుండిగలోకి తొంగిచూశారు. నేనూ చూశాను. అడుగున అన్నం ఉంది. ఒక పళ్ళెమంత. సరిగ్గా ఒక పళ్ళెం.

ఇంతా చేసి ఒక పళ్ళెం తప్పింది. నా చెవులు వేడెక్కాయి. సుభానీ వైపు తిరిగాను. ఎక్కడ ఎక్కువ కొట్టావురా అని నోటిదాకా వచ్చింది. వాడు నావైపే చూస్తున్నాడు, తప్పు చేసిన మొహం కాదు.

"ఎక్కువ కాదన్నా. అది నీది" అన్నాడు.

అప్పుడు గుర్తొచ్చింది, పొద్దుటినుంచీ నేనేమీ తినలేదు. నాకు గుర్తులేని నన్ను కూడా వాడు లెక్కలో కొట్టాడు.

ఎగ్జామినరుగారు కళ్ళజోడు తీసేశారు. సంతోషకుమారి పళ్ళెం తెచ్చి బల్ల మీద పెట్టింది. సుభానీ గుండిగ వంచి అన్నమంతా పళ్ళెంలోకి తోడాడు. మార్కు కూర వేస్తూ, కూర్చో అన్నా అని వాడరేవు దాకా వినపడేట్టు అరిచాడు. కూర్చున్నాను. వాళ్ళు ముగ్గురూ నా చుట్టూ నిలబడ్డారు. చెప్పాల్సింది చాలా ఉంది గాని, నోటినిండా అన్నం ఉంది. అందరి ముందూ కళ్ళలోంచి నీళ్ళు కారుతుంటే తుడుచుకోకుండా తిన్నాను. ఒక్క మెతుకు మిగల్లేదు.